దుంపల నెలలో క్లాసుకెళ్లిన మార్నీ

మా వైపు ఎవరినైనా మెచ్చుకోవాలంటే "ఫర్వాలేదు" అంటాం. పెళ్లికూతురు ఎలా ఉందని అడిగితే ఫర్వాలేదు. పంట కనీవినీ ఎరగనంత పండినా ఫర్వాలేదు. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ అన్నామంటే ఎదుటివాళ్లు ఇబ్బందిపడి, చలి ఎప్పుడు మొదలవుతుందో మాట్లాడటం మొదలుపెడతారు. నేనూ అమెరికా ఉత్తరాన ఈ రెడ్ రివర్ లోయలోనే పుట్టి, ఇక్కడే పెళ్లాడి, ఇక్కడే ముసలిదాన్నయ్యాను కాబట్టి నాకూ అదే అలవాటు. కానీ మార్నీ రుస్తాద్ విషయంలో నోరు కట్టుకు కూర్చోవడం నా వల్ల కాదు. ఆ పిల్ల గురించి గొప్పలు చెప్పుకోవాలని ఉంది, చెప్పుకుంటాను. ఇబ్బందిగా ఉన్నవాళ్లు తల తిప్పుకోవచ్చు.

నా పేరు ఆర్డిస్. మా స్కూలు బస్సుల గరాజులో ఏ బస్సు ఎవరు నడపాలో, ఎవరైనా రాకపోతే వాళ్ల బదులు ఎవర్ని పంపాలో చూసే పని నాది. మార్నీ నా దగ్గర డ్రైవరు. పొద్దున పిల్లల్ని బడిలో దించి, సాయంత్రం మళ్లీ ఎక్కించుకునే దాకా మధ్యలో దొరికే సమయంలో రెండో తరగతి గదిలో సాయం చేస్తుంది. చదవడం రాక బిక్కమొహం వేసే పిల్లల పక్కన కూర్చుని, ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివిస్తుంది. ఆ గది టీచరు ఇంకో రెండు మూడేళ్లలో రిటైరవుతుంది. మా ఊరికి కొత్త టీచర్లెవరూ రారు, వచ్చినా ఒక చలికాలం చూసి పారిపోతారు. ప్రిన్సిపాల్ ఒకసారి అందరి ముందే అన్నాడు, "మార్నీ, నీకు డిగ్రీ ఉంటే ఈ గది తాళం రేపే నీ చేతిలో పెట్టేవాణ్ణి" అని. ఆ మాట పట్టుకుంది మార్నీ. అప్పటికి ఆమెకు ముప్ఫై దాటాయి.

డిగ్రీ లేకపోవడానికి కారణం మొద్దుబుర్ర కాదు. కారణం దుంపలు.

అక్టోబరు వచ్చిందంటే మా లోయంతా చక్కెరదుంపలే. నేల గడ్డకట్టేలోపు అన్నీ తవ్వి, లారీలకెత్తి, కొండంత కుప్పలు పోసే చోటికి చేర్చాలి. పగలూ రాత్రీ తేడా ఉండదు. బ్యాంకు గుమాస్తా లారీ ఎక్కుతాడు, రిటైరైన నర్సు లారీ ఎక్కుతుంది, మా పాస్టరు ఆదివారం ప్రసంగం సగానికి కోసేసి స్టీరింగు పట్టుకుంటాడు. ఆ నెలలో ఎవరైనా పిలిస్తే రానని అనకూడదు. అది రాసిపెట్టిన నియమమేమీ కాదు గాని, అన్నవాళ్లు ఎవరూ లేరు.

మార్నీ పద్దెనిమిదో ఏట సిటీలో కాలేజీలో చేరింది. అక్టోబరు రాగానే పది రోజులు దుంపల పని చేసి వచ్చేస్తానని చెప్పి ఇంటికొచ్చింది. ఆ ఏడు వానలు పట్టుకున్నాయి. లారీలు బురదలో కూరుకుపోయి పని నెలన్నర సాగింది. అంతా అయ్యేసరికి, ఇన్నాళ్లు ఎగ్గొట్టి ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లనని సిగ్గుపడి ఇంట్లోనే ఉండిపోయింది. మా వైపు పిల్లలు చేసే తప్పు ఇదే. కాలేజీ మానెయ్యాలన్నా వాళ్లకి చెప్పి, సంతకం పెట్టి మానాలి. చెప్పకుండా మానేస్తే మానేసినట్టు కాదు, అన్నింట్లోనూ తప్పినట్టు. మార్నీకి అన్నింట్లోనూ ఎఫ్ వచ్చింది.

తర్వాత మా జిల్లాలోనే ఉన్న రెండేళ్ల కాలేజీలో చేరింది. అక్కడా అదే వరస. మంచు కరిగే కాలంలో చదివినవన్నీ మంచి గ్రేడులు, ఆకులు రాలే కాలంలో చదివినవన్నీ బోర్లా పడటం. చేరడం, మానడం, మళ్లీ చేరడం, ఇలా ఏళ్లు గడిచాయి. టీచరు కావాలంటే సిటీ యూనివర్సిటీకి మారాలి. అక్కడ చేరాలంటే గ్రేడుల సగటు నాలుగుకి రెండున్నర ఉండాలి. మార్నీ సగటు రెండు కూడా లేదు. ఇన్నేళ్ల అక్టోబర్లూ ఆమె మెడకి వేలాడుతున్నాయి.

అలాంటప్పుడు, పోయినేడాది ఆమె మళ్లీ ఆ జిల్లా కాలేజీలో చేరాక, సెప్టెంబరు చివర్లో మా ఆయన వెర్లిన్ మార్నీకి ఫోన్ చేశాడు. మా పొలం ఇప్పుడు మా మేనల్లుడు కర్ట్ చేస్తున్నాడు, వెర్లిన్ మాత్రం డెబ్బై దాటినా, నడుం పట్టేసిన ఒక్క ఏడు తప్ప, ఏ అక్టోబరులోనూ లారీ దిగలేదు. అంతకుముందు చలికాలాల్లో బస్సు కూడా నడిపేవాడు. ఆ లైసెన్సు ఇంకా ఎందుకయ్యా పొడిగిస్తూ కూర్చుంటావంటే "ఉండనీ" అంటాడు. మార్నీకి లారీ నడపడం నేర్పింది అతనే.

"రెండో లారీ సీటు నీకోసం కాచుకునుంది" అన్నాడు వెర్లిన్.

"ఈసారి రాను వెర్లిన్. క్లాసులున్నాయి."

"క్లాసులెక్కడికి పోతాయే? అక్టోబరు తర్వాత కూడా ఉంటాయిగా."

"దుంపలూ వచ్చే ఏడు ఉంటాయిగా."

వెర్లిన్ ఫోన్ పెట్టేసి, ఇంట్లో ఎవరో పోయినట్టు మొహం పెట్టుకుని కారు షెడ్డులోకి వెళ్లిపోయాడు. నాకు నవ్వాగలేదు. కానీ ఊరు నవ్వలేదు. ఆదివారం చర్చి కింది గదిలో కాఫీల దగ్గర అతను అందరికీ వినబడేలా అన్నాడు, "ప్రొఫెసరమ్మ గారికి చేతులకి మట్టి అంటకూడదు కాబోలు!"

మార్నీ కప్పు కింద పెట్టలేదు. "మట్టి మీకు వదిలేశాను వెర్లిన్. మీకే బాగా నప్పుతుంది" అంది.

"నీ దుంప తెగ!" అన్నాడు వెర్లిన్. నవ్వినట్టే అన్నాడు గాని నవ్వలేదు. ఆ తర్వాత ఆమెతో మాట్లాడటం మానేశాడు.

ఆ నెల మార్నీ పడ్డ బాధ నేను కళ్లారా చూశాను. ఆ కాలేజీ పెద్దరోడ్డు పక్కనే ఉంటుంది. కిటికీలోంచి దుంపల లారీలు ఒకదాని వెనక ఒకటి పోతూ కనిపిస్తాయి. కిటికీకి దూరంగా కూర్చుంటే చప్పుడు వినిపిస్తుంది. "బల్ల గట్టిగా పట్టుకుని కూర్చుంటున్నాను ఆర్డిస్, పళ్లు పీకించుకునేవాళ్లలా" అని నాతో అంది. ఒకరోజు రోడ్డు మీద లారీలోంచి జారిపడ్డ దుంప ఒకటి దొరికితే తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఇది మీ వాళ్లదే, ఇచ్చెయ్యండి" అంది. కళ్లల్లో నీళ్లున్నాయి. క్లాసు మాత్రం ఒక్కటి కూడా మానలేదు.

ఆ సెమిస్టరులో అన్నీ ఏలూ బీలూ. అయినా పాత ఎఫ్‌లు అంత తేలిగ్గా వదులుతాయా? సగటు కొంచెం పైకి జరిగిందంతే, రెండున్నరకి ఇంకా ఆమడ దూరం. యూనివర్సిటీ వాళ్లు ఒక దారి ఉంచారు. సగటు చాలనివాళ్లు వాళ్ల ముందుకొచ్చి చెప్పుకోవచ్చు, మన గురించి తెలిసిన ఒకరిని వెంట తెచ్చుకోవచ్చు. మార్నీ నన్ను అడిగింది.

సిటీ దాకా గంట ప్రయాణం. దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకున్నాను. ఇలాంటి పిల్ల దొరకడం మీ అదృష్టం అని చెప్పాలి. మంచు తుపానులో బస్సు ఆగిపోతే పిల్లలు భయపడకుండా ఊరొచ్చే దాకా పాటలు పాడించిందని చెప్పాలి. అన్నీ సిద్ధం చేసుకున్నాను.

గదిలో ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్నావిడ డాక్టర్ హోలిస్, టెక్సస్ నుంచి కొత్తగా వచ్చింది. "ఆర్డిస్ గారూ, మార్నీ ఎలాంటి మనిషో చెప్పండి" అంది చిరునవ్వుతో.

"ఫర్వాలేదండీ" అన్నాను నేను. "పనికి వేళకి వస్తుంది."

ఆవిడ రాసుకుంది. "ఇంకేమైనా?"

"బస్సు శుభ్రంగా ఉంచుకుంటుంది."

అంతే. అరవయ్యేళ్ల అలవాటు నాలుకకి అడ్డం పడింది. పొగడటం చేతకాని ఊళ్లో పుట్టినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆవిడ పాపం మర్యాదగా తలూపి మార్నీ వైపు తిరిగింది.

"మార్నీ, మీ రికార్డులో ఒక సంగతి కనిపిస్తోంది. ప్రతిసారీ ఆకులు రాలే కాలంలోనే దెబ్బతిన్నారు. ఇంట్లో ఏమైనా కష్టాలొచ్చాయా? జబ్బులు, చావులు? చెబితే మేం లెక్కలోకి తీసుకుంటాం."

మార్నీ ఏమంటుందో తెలిసి నేనే అందుకున్నాను. "దుంపలండీ! చక్కెరదుంపలు. మా ఆయన నడుం పట్టేసి మంచం దిగని ఏడు మా లారీ నడిపింది ఈ పిల్లే. ఆ పై ఏడు పక్క పొలం వాళ్ల కోసం వెళ్లింది. ఎవరికి మనిషి తక్కువైతే వాళ్ల లారీ ఎక్కేది. చదువు పాడైంది మా అందరి వల్లే."

"ఆ తవ్వకమేదో కొంచెం ముందే, సెలవుల్లో తవ్వుకోకూడదా?" అంది డాక్టర్ హోలిస్. పక్కనున్న ఆయన మా లోయవాడే అయ్యుండాలి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"వేడిలో తవ్వితే కుప్పలోనే కుళ్లిపోతాయమ్మా" అన్నాను కొంచెం కోపంగానే. పంచదార తినేవాళ్లు ఆ మాత్రం తెలుసుకోకపోతే ఎలా?

"ఆర్డిస్, ఆగండి" అంది మార్నీ. మెల్లగానే అంది గాని గదిలో అందరూ ఆమె వైపు చూశారు. "ఆవిడ చెప్పింది నిజమే. కానీ వాళ్లు పిలిచారని వెళ్లలేదు, నాకిష్టమై వెళ్లాను. ఆ లారీల చప్పుడు వింటే క్లాసులో కూర్చోలేకపోయేదాన్ని. ఎవరూ బలవంతపెట్టలేదు. ఇంట్లో ఎవరూ చావలేదు. నా తప్పు ఊరి మీద పెట్టి సీటు తెచ్చుకోవడం నాకిష్టం లేదు."

పోయింది, అనుకున్నాను. చేతికి అందిన సాకుని కూడా నేలకేసి కొట్టే మొండిఘటాన్ని ఏం చెయ్యాలి? కానీ నా గుండె మాత్రం పొంగింది, ఉన్న సంగతి చెప్పాలిగా. ఆ క్షణంలో మా ఊరు మొత్తం నా పక్కన కూర్చుని ఆ మాట వింటే బాగుండుననిపించింది.

డాక్టర్ హోలిస్ పెన్ను కింద పెట్టింది. "మరి ఇక్కడ మాత్రం అక్టోబరులో ఎలా కూర్చుంటారు?"

"కూర్చున్నాను. పోయిన అక్టోబరు చూడండి."

ఆవిడ కాగితాలు తిప్పి చూసింది. పక్కాయనకి చూపించింది. చాలాసేపు చూశారు. ఆ తర్వాత మమ్మల్ని బయట కూర్చోమని, మళ్లీ పిలిచి చెప్పారు. చేర్చుకుంటాం, కానీ షరతు మీద. మొదటి సెమిస్టరులో ఏ సబ్జెక్టులోనూ సీ కంటే తగ్గకూడదు. తగ్గితే ఇంక మళ్లీ అడగడానికి ఉండదు. ఆ మొదటి సెమిస్టరు ఆగస్టులో మొదలై దుంపల నెల మీదుగానే పోతుంది.

తిరిగొచ్చేటప్పుడు మార్నీ దారిలో కారాపి, దిగి, రోడ్డు పక్క నిలబడి ఊపిరి పీల్చుకుంది. నేను దిగి పక్కన నిలబడ్డాను.

ఆగస్టులో చేరింది. పొద్దున బస్సు నడిపి, సిటీకి వెళ్లి, సాయంత్రం బస్సు వేళకి వచ్చేసేది. కానీ మంగళ, గురువారాలు బడి వదిలే దాకా సాగే క్లాసు ఒకటి పడింది, అది చూసుకుని వస్తే బస్సు వేళ దాటిపోతుంది. సిటీలో ఒక బడికి వెళ్లి చిన్నపిల్లలకి టీచర్లు ఎలా చెబుతున్నారో చూసి నేర్చుకునే క్లాసు అది. మూడుసార్ల కంటే ఎక్కువ మానితే తప్పినట్టే. సెప్టెంబరంతా ఆ రెండు సాయంత్రాలకీ బదులు డ్రైవర్లని పంపాను. అక్టోబరు దగ్గర పడేసరికి వాళ్లంతా లారీలెక్కడానికి పేర్లిచ్చేశారు.

ఫోన్ చెయ్యని మనిషి లేడు. రిటైరైనవాళ్లకి చేశాను. పక్క ఊరి గరాజుకి చేశాను. "దుంపల నెలలోనా? నీకేమైనా పిచ్చా ఆర్డిస్?" అన్నవాళ్లే అందరూ. బస్సుకి డ్రైవరు లేకుండా వదిలేస్తే స్కూలువాళ్లు ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఉద్యోగం పోతే మార్నీకి తిండెక్కడిది, చదువెక్కడిది?

"క్లాసు మానను ఆర్డిస్" అంది మార్నీ. "బస్సు పోతే పోయింది. ఇంకో పని ఏదో ఒకటి చూసుకుంటాను." ధైర్యంగానే అంది. కానీ వెళ్తూ వెళ్తూ తన బస్సు తలుపు మీద ఒకసారి చెయ్యి వేసింది.

ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర నేను వెర్లిన్ ముందు నా అక్కసంతా వెళ్లగక్కాను. "ఊరంతా కలిసి ఇన్నేళ్లు ఆ పిల్ల చేత పని చేయించుకుంది. ఇప్పుడు రెండు సాయంత్రాలు బస్సు నడిపే నాథుడు లేడు. మనుషులా మీరు?" అన్నాను. వెర్లిన్ తల ఎత్తకుండా తిన్నాడు. ఏడాది నుంచి ఆమెతో మాట్లాడని మనిషి ఏమంటాడు? "ఉప్పు ఇటివ్వు" అన్నాడు. నేను ఉప్పు డబ్బా టక్కున పెట్టాను.

దుంపల తవ్వకం మొదలైన మంగళవారం గరాజులో నేనొక్కదాన్నే ఉన్నాను. బస్సు వేళ దగ్గర పడింది. నేనే స్కూలు ఆఫీసుకి ఫోన్ చేసి, ఈ రూటుకి డ్రైవరు లేడని చెప్పాలి. ఫోన్ ఎత్తాను. అప్పుడు తలుపు తోసుకుని వెర్లిన్ వచ్చాడు. నెత్తిన లారీ టోపీ, చంకలో ఫ్లాస్కు, చేతిలో నేను పొద్దున కట్టిచ్చిన హామ్ శాండ్విచ్‌ల డబ్బా.

"కీలేవి?" అన్నాడు.

"లారీ కీలు కర్ట్ దగ్గరుంటాయి కదయ్యా."

"బస్సు కీలు."

నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఫోన్ కింద పెట్టాను.

"లారీ ఎవరెక్కుతారు?" అన్నాను.

"కర్ట్‌కి చెప్పాను. వాడి తిప్పలు వాడు పడతాడు." కీలు అందుకున్నాడు. "ఈ బస్సు ఎడమకి లాగుతుందా ఇంకా?"

"మార్నీ బాగు చేయించింది."

"ఊఁ" అన్నాడు వెర్లిన్, వెళ్లిపోయాడు.

నడుం పట్టేసిన ఆ ఏడు తప్ప యాభయ్యేళ్ల పైగా ఒక్క అక్టోబరు వదలని మనిషి, కళ్ల ముందు లారీలు వరస కట్టి పోతుంటే, పసుపుపచ్చ బస్సులో పిల్లల్ని వేసుకుని ఊరంతా తిరిగాడు. ఆ మంగళవారమే కాదు, ఆ నెలలో ప్రతి మంగళ, గురువారాలూ. రోజు విడిచి రోజు వచ్చేవాడికి లారీ ఇవ్వరు కాబట్టి ఆ నెల లారీయే ఎక్కలేదు. కాఫీ హోటల్లో వాళ్లు ఊరుకుంటారా? "ఏం వెర్లిన్, నర్సరీలో చేరావట! మధ్యాహ్నం పడుకోబెడుతున్నారా లేదా?" అని ఒకడు, "బ్యాగులో పెన్సిళ్లున్నాయా?" అని ఇంకొకడు. తవ్వకం ముగిసిన నాటి విందులో, ఎవరెన్ని లోడ్లు లాగారో లెక్కలు చెప్పుకునేటప్పుడు కర్ట్ కావాలనే అడిగాడు, "మావయ్యా, నీ లోడ్లెన్ని?" అని.

"పిల్లల్ని లాగాన్రా" అన్నాడు వెర్లిన్. "దుంపలైతే నోరు మూసుకుని కూర్చుంటాయి."

అందరూ నవ్వారు. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మా వాళ్లకి ఎక్కడ ఆపాలో తెలుసు.

మార్నీకి అతను బస్సు నడుపుతున్నాడని మొదటి రోజే తెలిసింది. మర్నాడు పొద్దున థాంక్స్ చెప్పబోతే వెర్లిన్ ఆమె వంక చూడకుండా టైర్లు తన్ని చూస్తూ, "రేపు చలి పెరుగుతుందట" అన్నాడు. ఆమె "అవునట" అంది. ఏడాది తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలు అవే. మార్నీ క్లాసుకి వెళ్లిపోయింది.

డిసెంబరులో, మంచు మోకాళ్ల దాకా పడ్డ ఒక మధ్యాహ్నం, మార్నీ గరాజులోకి వచ్చి బూట్లు దులుపుకుంది. వెర్లిన్ హీటరు పక్కన కాఫీ తాగుతున్నాడు. బస్సు పని అయిపోయినా రోజూ రావడం అలవాటు చేసుకున్నాడు, ఎందుకయ్యా అంటే "ఉండనీ" అంటాడు.

"గ్రేడులొచ్చాయా?" అన్నాను నేను.

"వచ్చాయి."

"ఎలా ఉన్నాయి?"

"ఫర్వాలేదు" అంది మార్నీ.

ఆమె మొహం చూస్తే తెలిసిపోతోంది. అయినా ఆమె చేతిలో ఫోన్ లాక్కుని చూశాను. సీ అన్న అక్షరమే లేదు. మంగళ, గురువారాల క్లాసులో, దేనికోసం వెర్లిన్ బస్సు నడిపాడో ఆ క్లాసులో, ఏ. నేను ఫోన్ వెర్లిన్ చేతిలో పెట్టాను. అతను కళ్లజోడు పెట్టుకుని, పైనుంచి కిందికి చదివి, మళ్లీ పైనుంచి చదివాడు. ఫోన్ తిరిగిచ్చాడు.

"ఫర్వాలేదేంటి?" అన్నాడు వెర్లిన్. "చాలా బాగా చదివావమ్మా. చాలా బాగా చదివావు."

మార్నీ ఏం చెయ్యాలో తెలియక చేతి గ్లవ్స్ తీసి మళ్లీ తొడుక్కుంది. నేను కాఫీ పొయ్యడానికని అటు తిరిగాను. నలభై ఆరేళ్ల కాపురంలో నా పెళ్లి గౌనుని అతను ఆ మాట అనలేదు, నా వంటని అనలేదు, నేను కన్న పిల్లల్ని అనలేదు. అయినా ఆ రోజు నాకు కించిత్తు కూడా అసూయ కలగలేదు.